మంగళవారం సీసా

"ఎనిమిదింటికి రమ్మంటే పదిన్నరకా, మనాంగ్?"

'అక్కా' అని మర్యాదగానే పిలిచినా, ల్యాబులో పరిశోధన చేసే రొవీనా విసుగు దాచుకోలేదు.

"అలలు ఎక్కువగా ఉన్నాయి ఇందాయ్. గిమరాస్ దీవిలో చాలాసేపు పడవ తియ్యనన్నారు," చిన్నమ్మాయిని పిలిచినట్టు పిలుస్తూ అంది సోర్సియా, ఉబ్బిన పొట్ట మీద చెయ్యి పెట్టుకుని మంచం మీదకు ఒరుగుతూ.

అరవై ఏళ్ళ మనిషి. అండాశయ కాన్సర్. పొట్టలో నీరు పడుతోంది. ప్రతి మంగళవారం దీవి నుంచి ఇలోయిలో నగరంలోని ఈ ఆస్పత్రికి వస్తే, వార్డులో సూదితో ఆ నీరు తీస్తారు. అందులో ఒక సీసా రొవీనా ల్యాబుకి వెళ్తుంది.

"తీసిన గంటలో నా చేతిలో పడాలి. లేకపోతే కణాలు చచ్చిపోతాయి. నా రోజంతా వృథా."

"ఏం చేస్తున్నాయి నా కణాలు?"

"వాటి ఒంటి మీద కొక్కేల్లాంటివి ఉంటాయి. వాటితో ఒకదాన్నొకటి పట్టుకుని గుంపుగా తేలతాయి. పొట్ట గోడ దొరికితే అక్కడే పాతుకుపోతాయి."

"మా ఆడపడుచు కూడా అంతే. వారం రోజులని వచ్చి పన్నెండేళ్ళుంది."

రొవీనా నవ్వలేదు.

"మరి ఆ కొక్కేలను మూసేస్తే?" అంది సోర్సియా.

"అదే చూస్తున్నా. మీరు మాత్రం వేళకి రండి. మీ వైద్యం కోసమే కదా వచ్చేది."

సోర్సియా గొట్టంలోంచి దిగుతున్న నీటిని చూస్తూ పడుకుంది.

తర్వాతి నెలలో, కొక్కేలను మూసే మందు కలిపిన గాజు పళ్ళెంలో కణాల గుంపులు విడిపోయి కనిపించాయి. ఒక్కటీ అడుగున అంటుకోలేదు. రొవీనా మూడుసార్లు చూసింది. ఇంకొక్కసారి తాజా నీటితో చేస్తే ఖాయమవుతుంది.

ఆ మంగళవారం సోర్సియా రాలేదు.

పై మంగళవారమూ రాలేదు.

రొవీనా ఖాళీ సీసాతో వార్డుకి వెళ్ళింది.

"ఇలా మానేస్తే వైద్యం ఎలా పనిచేస్తుంది? నువ్వైనా చెప్పవా ఫే?"

నర్సు ఫే మడతపెడుతున్న దుప్పటి పక్కన పెట్టింది.

"ఆవిణ్ణి శనివారం పాతిపెట్టారు మేడమ్. వాళ్ళమ్మాయి ఫోన్ చేసింది."

రొవీనా పక్కనున్న మంచం మీద కూర్చుండిపోయింది.

"వైద్యానికి వేళకి రావద్దా అని... అరిచాను."

"ఆవిడకి వైద్యం ఐదు నెలల కిందటే ఆపేశాం. ఇక లాభం లేదని ఆవిడకీ తెలుసు," అంది ఫే మెల్లగా. "నీరు తీయించుకోవడానికైతే దీవిలోనే, వాళ్ళింటి ఎదురుగా ఆస్పత్రి ఉంది. అక్కడ తీస్తే గంటలో మీ చేతికి అందదని, ఆ పొట్టతోనే పడవెక్కి వచ్చేది."