ఆమె దువ్వెన

"చర్చి సంఘం పత్రికలో నా నవలని చీల్చి చెండాడావుగా! మళ్లీ నా గుమ్మం తొక్కావేం బావా?" నవలాకారుడు నవ్వుతూ కుర్చీ లాగాడు.

ఆత్మలను పిలిచే ఆ పుస్తకాన్ని విశ్వాసులెవరూ ముట్టకూడదనీ, తానూ ముట్టలేదనీ రాసిన సంపాదకుడు కూర్చోలేదు. చనిపోయిన భార్య దువ్వెనను జేబులోంచి తీసి బల్లమీద పెట్టాడు. పళ్ల మధ్య ఇంకా ఆమె వెంట్రుకలున్నాయి.

"ఒక్కసారి పిలవరా. క్షమించమని అడగాలి."

స్నేహితుడి నవ్వు ఆగిపోయింది. దువ్వెనను రుమాల్లో చుట్టి తిరిగి అతని జేబులోనే పెట్టాడు.

"దువ్వెనతో పిలవడమనేది ఎక్కడా లేదు బావా. నవల చివరి అధ్యాయం కోసం నేనే కల్పించాను."

సంపాదకుడికి ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"రా, మోకరిద్దాం," అన్నాడు నవలాకారుడు. " ప్రార్థన నేను చేస్తా. నువ్వు ఆమెన్ అను, చాలు."