తగ్గిన నొప్పి

"ఇంకాస్త పెంచమ్మా. కరెంటు కూడా పొదుపేనా మీ దగ్గర?" అన్నాడు బట్టల కొట్టు షావుకారు, బల్ల మీద బోర్లా పడుకుని.

నడుము నుంచి మడమ దాకా లాగే నొప్పికి నెలగా ఈ కరెంటు వైద్యం చేయించుకుంటున్నాడు. నిన్నటి నుంచి నొప్పి బొత్తిగా లేదు. పెట్టిన డబ్బు గిట్టుబాటైందని కొట్లో అందరికీ చెప్పుకున్నాడు.

ఫిజియోథెరపీ అమ్మాయి మీట తిప్పింది. "ఇప్పుడు జిల్లుమంటోందా బాబాయ్?"

"ముందు మొదలుపెట్టు తల్లీ!"

భార్య కుర్చీలోంచి లేచింది. "ఏమండీ, మీ కాలు ఎగిరెగిరి పడుతోంది."

"నాతో వేళాకోళమా?" అంటూ తల తిప్పాడు. పిక్క నిజంగానే గిలగిలా కొట్టుకుంటోంది. ఎవరి కాలినో చూస్తున్నట్టుంది ఆయనకు.

అమ్మాయి మిషన్ ఆపేసి, మడమలో సూది గుచ్చింది. "ఎక్కడ గుచ్చానో చెప్పండి."

"ఎప్పుడు గుచ్చావు?"

అమ్మాయి ముఖం పాలిపోయింది. "పిన్నీ, ఆటో పిలవండి. ఇప్పుడే పెద్దాసుపత్రికి వెళ్ళాలి."

"నొప్పి తగ్గిపోయిందిగా?"

"తగ్గలేదు బాబాయ్. నొప్పి తెలిపే నరమే చచ్చుబడుతోంది. ఇక ఆలస్యం చేస్తే కాలూ పడిపోవచ్చు."

షావుకారు లేచి కూర్చుని మడమను గట్టిగా గిల్లుకున్నాడు. మళ్ళీ గిల్లుకున్నాడు.

"ఆ నొప్పి... మళ్ళీ వస్తుందా అమ్మా?"