గురువారం రిపోర్టు

తన రిపోర్టును ఎవరో దొంగతనంగా చదువుతున్నారని డెరెక్ హోల్‌రాయిడ్‌కి మూడో ఓటమితో అనుమానం వచ్చింది. నాలుగో ఓటమితో రూఢి అయింది.

సీజన్ మొదలై ఇంకా నెల కాలేదు. థార్న్‌బెక్ టౌన్ ఫుట్‌బాల్ జట్టు నాలుగు మ్యాచ్‌ల్లో పదకొండు గోల్స్ సమర్పించుకుంది. సమర్పించుకోవడం ఆ జట్టుకి కొత్తేమీ కాదు. సమర్పించుకుంటున్న తీరే కొత్తగా ఉంది. "టోబీ వెనక్కి తిరిగి చూడడు, వాడి వీపు వెనక నుంచి దూరిపోవచ్చు" అని డెరెక్ గురువారం రాస్తే, శనివారం ఎదుటి జట్టు సరిగ్గా టోబీ వీపు వెనక నుంచే దూరింది. "గోల్‌కీపర్ మార్లోకి కింద నుంచి వచ్చే బంతులకి కాళ్లు బిగుసుకుంటాయి" అని రాస్తే, మార్లో కాళ్ల మధ్య నుంచే రెండు వెళ్లిపోయాయి.

డెరెక్ ఆ జట్టులో డిఫెండర్లకి కోచ్. ఒకప్పుడు అక్కడే డిఫెండర్‌గా ఆడాడు. సొంత గోల్‌లోకే ఆరుసార్లు బంతి కొట్టిన రికార్డు ఇప్పటికీ ఆయనదే. ఎలా ఆడకూడదో నాకన్నా బాగా ఎవరికి తెలుసు, అందుకే ఈ ఉద్యోగం ఇచ్చారు అని ఆయనే చెప్పి నవ్వుతాడు. 

ఆటగాడి తప్పు వాడి మొహాన చెప్పకూడదన్నది ఆయన నియమం. ఎంత చెత్తగా ఆడినా భుజం తట్టి, "పర్లేదురా అబ్బాయ్, బానే ఉంది" అంటాడు. ఆ మాటకొస్తే ఆ ఊళ్లో అందరూ అంతే. మాడిన కేకుకైనా, కూలిన గోడకైనా పర్లేదు, బానే ఉంది అనే అంటారు. అసలు నిజం మాత్రం డెరెక్ గురువారం ప్రాక్టీసయ్యాక కాగితం మీద పెట్టి, డ్రాయర్లో దాచి తాళం వేసి, మర్నాడు పొద్దున మేనేజర్ రెన్విక్‌కి అందిస్తాడు. తాళంచెవి టీ డబ్బాలో ఉంటుందన్న సంగతి ఎవరికీ తెలియదని ఆయన నమ్మకం.

పోయిన గురువారం కాగితం మీద తన తల వెంట్రుక ఒకటి పెట్టి చూశాడు. ఉన్నవే వేళ్ల మీద లెక్కపెట్టేన్ని, అందులో ఒకటి త్యాగం. పొద్దున డ్రాయరు తీస్తే కాగితం ఉంది, వెంట్రుక లేదు.

పరుగున వెళ్లి రెన్విక్‌తో చెప్పాడు. "మన గుట్టు బయటికి పోతోంది. మన మీద గూఢచారిని పెట్టారు."

"మన మీద గూఢచారిని పెట్టేంత తీరిక ఎవడికుందయ్యా?" అన్నాడు రెన్విక్. "ఇదిగో చూడు డెరెక్, ఈ శనివారం కూడా ఇలాగే అయితే బోర్డు వాళ్లు నిన్ను పంపించెయ్యమన్నారు. నా చేతిలో ఏం లేదు."

నలభై ఏళ్లుగా ఆ మైదానం తప్ప డెరెక్‌కి మరో లోకం లేదు.

అనుమానమంతా బెరిల్ మీద పడింది. ఆమె జట్టు బట్టలు ఉతుకుతుంది. ఆమె మరిది శనివారం ఆడబోయే వార్డ్‌లీ జట్టుకి బస్సు డ్రైవరు.

"బెరిల్, మీ మరిది మన డిఫెండర్ల గురించి ఎప్పుడైనా అడుగుతాడా?" అన్నాడు డెరెక్, ఏమీ ఎరగనట్టు.

"అడగడానికేముంది నాయనా? వాళ్ల నిక్కర్లు ఉతికేది నేనే. మట్టంతా కూలబడ్డ వైపే. ముందు వైపు చూస్తే కొత్తవే!"

అంత తెలివిగా మాట తప్పించిందంటే ఈమే దొంగ అని తేల్చేసుకున్నాడు డెరెక్. 

ఈ గురువారం అసలు రిపోర్టు కోటు జేబులో పెట్టుకుని, డ్రాయర్లో దొంగ రిపోర్టు పెట్టాడు. ఎవరికీ చెప్పలేదు, రెన్విక్‌కి కూడా. "ఎడమ వైపు టోబీ ఇనప గోడ. అటు వెళ్లడం దండగ. మన బలహీనతంతా కెప్టెన్ నీల్ బ్రాడ్‌బెంట్. పైనుంచి వచ్చే బంతంటే వాడికి భయం. కళ్లు మూసుకుంటాడు." రాస్తుంటే ఆయనకే నవ్వాగలేదు. పన్నెండేళ్లుగా నీల్ తల దాటి ఒక్క బంతీ పోలేదు. వార్డ్‌లీ వాళ్లు ఇది నమ్మి బంతులన్నీ పైకి లేపితే, నీల్ ఒక్కొక్కటీ తిప్పి కొడతాడు. తన తెలివికి తనే భుజం తట్టుకున్నాడు.

శనివారం ఆట మొదలైన ఆరో నిమిషంలో వార్డ్‌లీ వాళ్లు బంతిని పైకి లేపారు. "పడ్డార్రా వలలో!" అని డెరెక్ చేతులు నలుపుకున్నాడు.

బంతి కింద నిలబడ్డ నీల్ కళ్లు మూసుకున్నాడు. అది వాడి చెవి పక్కనుంచి జారి గోల్‌లో పడింది. రెండో సగంలో మరొకటి, చివర్లో ఇంకొకటి. టోబీ మాత్రం పూనకం వచ్చినట్టు ఆడాడు. ఎడమ వైపు నుంచి చీమ కూడా దూరలేదు.

సాయంత్రం డెరెక్ తన సామాను అట్టపెట్టెలో సర్దుకుంటుంటే నీల్ వచ్చి బెంచీ మీద కూలబడ్డాడు. వాడి మొహం చూసి డెరెక్ తన బాధ మర్చిపోయాడు. 

"పర్లేదురా అబ్బాయ్, బానే..."

"ఊరుకోండి బాస్. మొహాన ఎప్పుడూ అదే మాట. ఆ మాట వినలేకే కదా మా డిఫెండర్లం ప్రతి గురువారం మీ డ్రాయరు తెరిచేది!" అన్నాడు నీల్. "టోబీ అయితే ఈసారి రాసింది ఫొటో తీసి వాళ్లమ్మకి కూడా పంపాడు."

డెరెక్ పెట్టెలో వెయ్యబోయిన ఈల జారి నేల మీద పడింది. 

"పన్నెండేళ్లుగా ఆడుతున్నాను బాస్," అన్నాడు నీల్ కళ్లు తుడుచుకుంటూ, "పైనుంచి వచ్చే బంతంటే నాకు భయమని మొన్న మీ కాగితం చదివేదాకా నాకే తెలీదు."