ఎందుకో తెలియాలంటే ఫోన్ చేయండి

సాయంత్రం సాఫ్ట్‌వేర్ రిలీజ్. వందల మంది కలిసి రాసే ఆ కోడ్‌లో ఎవరైనా బిల్లింగ్ ఫోల్డర్ జోలికి నేరుగా వెళ్తే, కోడ్‌ని తనిఖీ చేసే 'లింట్' రూల్ ఒకటి అడ్డుపడుతుంది. టీమ్ లీడ్ ఆ జోలికే వెళ్ళింది. తెర ఎర్రబడింది: "కుదరదు. ఎందుకో తెలియాలంటే ఫోన్ చేయండి." పక్కనే నంబరు.

రూల్ రాసిన పెద్దాయన కిందటేడే రిటైరయ్యాడు. ఆమె పళ్ళు నూరుకుంటూ ఫోన్ కలిపింది.

"సార్, మీ రూల్ తీసేస్తే కొంప మునుగుతుందా?"

"ఏం మునగదమ్మా. తీసేయ్."

"మరెందుకు పెట్టారు?"

"నేను వెళ్ళేరోజు అందరూ 'ఫోన్ చేస్తూ ఉంటాం సార్' అన్నారు. నోటిమాట ఎవరు పాటిస్తారమ్మా? అందుకే రూల్ పెట్టా."

ఆమె రూల్ తీయకుండా, తన ఒక్క లైను కోడ్‌కు మాత్రం మినహాయింపు రాసుకుంది. తర్వాత ఆ రూల్‌ని ఇంకో రెండు ఫోల్డర్లకు తగిలించింది.