కడతాం సార్

టోకెన్ పోయింది.

అక్క సంచి తిరగేసింది. తమ్ముడి చొక్కా జేబు తనే తడిమింది. లేదు.

"నీకిచ్చాను కదరా!"

"నాకెప్పుడిచ్చావ్? నీ చేతిలోంచే ఎక్కడో జారిపోయి ఉంటుంది. నన్ను తిట్టడానికి ఇంట్లో టైము చాలడం లేదా అక్కా?"

తమ్ముడి చేతుల మీద రంగు మరకలు ఇంకా ఆరినట్టు లేవు. ఎత్తయిన గోడలకు రంగులు వేస్తాడు. చిన్నప్పటి నుంచి మూర్ఛ ఉంది. ఈ ఆసుపత్రిలో ఊరికే ఇచ్చే మాత్రలు రోజూ వేసుకుంటే అది అతని జోలికి రాదు.

ఇంట్లో మాత్రలు నిన్నటితో అయిపోయాయి. టోకెన్ లేకపోతే మళ్ళీ లైను చివర నిలబడాలి. అప్పటికి మందుల కిటికీ మూసేస్తారు.

లైనులో ముందున్న పెద్దమనిషి వెనక్కి తిరిగాడు.

"నాది తీసుకోండి."

"మరి మీకు?"

"నాకు జబ్బు లేదు."

ముందుకు సాగిన అక్క చెయ్యి ఆగిపోయింది. జబ్బు లేనివాడు ఇంత పొద్దున్నే వచ్చి ఆసుపత్రి లైనులో ఎందుకు నిలబడతాడు?

తమ్ముడు మాత్రం టక్కున అందుకున్నాడు. "చల్లగా ఉండండి సార్."

ఆయన నవ్వలేదు. చేతి గడియారం చూసుకున్నాడు. భాష వచ్చినా, మాటలు వెతుక్కుంటూ అడిగాడు.

"వచ్చే నెల నుంచి ఇక్కడ మందులకు డబ్బు కట్టమంటే మీరేం చేస్తారు?"

లైను మొత్తం చెవులు రిక్కించింది.

వెనకనున్న ఒకప్పటి బస్సు కండక్టరు అక్క వైపు వంగి గొంతు తగ్గించాడు.

"నోరు జారకమ్మా. నా బస్సు ఇలాగే పోయింది. ఒకడొచ్చి, ఛార్జీ పెంచితే ఎక్కుతారా అని నవ్వుతూ అడిగాడు. ఎక్కలేమన్నారు మనవాళ్ళు. నెల తిరక్కుండా బస్సే తీసేశారు. ఇప్పుడు కట్టలేమన్నామో, ఈ ఆసుపత్రికి తాళమే."

అక్క పెద్దమనిషి వైపు తిరిగింది.

"కడతాం సార్," అంది.

"నిజంగానా?"

"కడతాం."

"నేనూ కడతా," అన్నాడు కండక్టరు గట్టిగా. ఆ మాట లైను చివరిదాకా పాకింది. చేతికర్ర మీద ఆనుకున్న ముసలామె కూడా తలూపింది. "కడతాం నాయనా. ఎందుకు కట్టం?"

ఆయన మొహం పాలిపోయింది.

"కట్టలేనివాళ్ళు ఒక్కరైనా లేరా?"

"ఏం సార్, మమ్మల్ని చూస్తే అడుక్కునేవాళ్ళలా ఉన్నామా?" కండక్టరు మీదికొచ్చాడు.

తమ్ముడి చేతుల మీది రంగు మరకలు చూశాడాయన.

"మీరు చెప్పండి బాబూ."

"నిజం చెప్పమంటారా సార్? నేనైతే..."

అక్క అతని చెయ్యి గట్టిగా గిల్లింది.

తమ్ముడు నవ్వేశాడు. "మా అక్క ఎంతంటే అంతే సార్."

ఆయన మళ్ళీ గడియారం చూసుకుని, లైను వదిలి ఆసుపత్రి లోపలికి నడిచాడు.

"బతికిపోయాం," అన్నాడు కండక్టరు.

మరుసటి నెల కిటికీ పక్కన కొత్త బల్ల వేశారు. అక్కడ డబ్బు కట్టి రసీదు చూపిస్తేనే మందు.

మొదటిసారి అక్క కట్టింది. ఆ తర్వాత సగం మాత్రలే తేగలిగింది.

"మిగతావి నేను తెచ్చుకుంటాలే," అన్నాడు తమ్ముడు.

"తెచ్చుకున్నావా?"

"ఎన్నిసార్లు అడుగుతావే? వేసుకుంటున్నాగా. చూడు, గుర్రంలా ఉన్నాను."

ఒకరోజు పనివేళ మేస్త్రీ వచ్చి తలుపు తట్టాడు. అతని మొహం చూసి అక్క చెప్పులైనా వేసుకోకుండా పరుగెత్తింది.

తమ్ముడు రోజు విడిచి రోజు వేసుకుంటున్నాడని, మూర్ఛ వచ్చి నిచ్చెన మీంచి పడి చనిపోయాక తెలిసింది. చొక్కా జేబులో మాత్రల షీటు సగం మిగిలే ఉంది.

అంతా అయ్యాక ఆ షీటు తీసుకుని ఆసుపత్రికి వెళ్ళింది. ఇంకెవరికైనా పనికొస్తాయని.

మందులిచ్చే నర్సు షీటు తీసుకోలేదు. అక్క చెయ్యి పట్టుకుని లోపల కూర్చోబెట్టింది.

"ఆ రోజు లైనులో మీకు టోకెన్ ఇచ్చినాయన గుర్తున్నారా?"

"ఆసుపత్రి మూయించడానికి వచ్చినాయనేగా?"

నర్సు తల అడ్డంగా ఊపింది.

"లోపలికొచ్చి మంచినీళ్ళు అడిగారు. దేశదేశాలు తిరిగి ప్రభుత్వాలకు సలహాలు చెప్పే ఆర్థికవేత్తట. రెండు దేశాల్లో మందులకు డబ్బు కట్టే పద్ధతి పెట్టించింది తనేనట. ఆసుపత్రుల ముందు లైన్లు తగ్గితే, జబ్బులు తగ్గాయని రాశారట. తర్వాత ఇళ్ళకు వెళ్ళి చూస్తే, కట్టలేక మందులు మానేసి మంచాన పడ్డవాళ్ళే కనిపించారట."

"మరి ఇక్కడికెందుకొచ్చాడు?"

"ఇక్కడ పెట్టొద్దని చెప్పడానికి. ఆ మధ్యాహ్నమే మంత్రిగారితో ఆఖరి సమావేశం. కట్టలేనివాళ్ళను ఒక్కరినైనా తెచ్చి చూపించమన్నారట."

"ఆ మాట మాతో చెప్పొచ్చుగా!"

"తనెవరో తెలిస్తే, తనకు నచ్చే మాటే చెబుతారనుకున్నారు. చివరికి నన్నడిగారు, నువ్వొచ్చి చెబుతావా అమ్మా అని. ఉద్యోగం పోతుందని నేనూ తల దించుకున్నాను. ఒక్కరే వెళ్ళారు. ఆ సాయంత్రమే ఆయన సలహాలు ఇక అక్కర్లేదని పంపించేశారని వార్తల్లో చెప్పారు."

అక్క కిటికీలోంచి బయటికి చూసింది. లైను చాలా చిన్నదైపోయింది. చేతికర్ర ముసలామె అందులో లేదు.

ఆ రోజు తమ్ముడు మొదలుపెట్టిన మాటను ఇంతవరకు ఎవరూ పూర్తి చేయలేదు.