మొదట విన్నది

రత్నమాణిక్యాన్ని చంపింది లైబ్రరీ. వెంకటపతిరాజుకు ఇందులో అనుమానం లేదు. ఆమె పోయి ఎనిమిది నెలలైంది. ఈ ఎనిమిది నెలల్లో ఆయన ఈ మాట ఊళ్లో అందరికీ చెప్పాడు. లైబ్రేరియన్ లాజరుకు మాత్రం ఇవాళే చెబుతున్నాడు.

"నీకు రాజమండ్రిలో బహుమానం ఇస్తున్నారట."

"ఆయ్. రెండు జిల్లాల లైబ్రేరియన్ల సంఘం వాళ్లండి. ఆదివారం సభ. కూర్చోండి రాజుగారూ."

"కూర్చోడానికి రాలేదు. ఏం చేశావని ఇస్తున్నారు?"

లాజరు బల్ల మీదున్న పొడుగు పుస్తకం చూపించాడు. లైబ్రరీకి వచ్చినవాళ్లు తమ ప్రశ్న అందులో రాయాలి. పక్క గడిలో, దాని గురించి మొదట విన్నది. ఆ పక్కన, ఏ పుస్తకం ఏ పేజీలో వెతికారో. చివరి గడిలో, దొరికింది. పేర్లుండవు. కార్డు నంబరే.

"జవాబు నేను చెప్పనండి. వెతకడం నేర్పుతాను. ఎవరు చెప్పినా నమ్మెయ్యకుండా సొంత కళ్లతో చూసుకోమంటాను."

"మొగుడు చెప్పినా?"

లాజరు పెన్నుకు మూత పెట్టాడు.

"చెరువు మందుల డబ్బా మీద ఇంగ్లీషులో ఏం రాసుందో చెప్పమని ఊరంతా నా అరుగు మీదకొచ్చేది. నువ్వొచ్చి బల్ల మీద డిక్షనరీ పెట్టావు. ఇప్పుడు రొయ్యల మేత మోసే కూలిమనిషి పాపాయి కూడా డబ్బా పట్టుకుని నీ దగ్గరకే వస్తోంది."

"నా దగ్గరకి కాదండి. డిక్షనరీ దగ్గరకి."

వెంకటపతిరాజు జేబులోంచి ఒక కార్డు తీసి బల్ల మీద పడేశాడు.

"మా ఆవిడది. నూట ఎనభై ఏడు. మూడేళ్ల కిందట తెల్లమచ్చ తెగులు తగిలి రొయ్య చచ్చి తేలిపోతుంటే, చెరువులొదిలి కాకినాడ తీసుకెళ్లాను. కడుపునొప్పికి పరీక్షలన్నీ చేయించాను. కాగితం చెరువు గట్టు మీదకే పంపారు. గ్యాస్ అన్నారు. ఇంటిపట్టున ఉంటే తగ్గిపోయేది. మిట్టమధ్యాహ్నం ఎండలో ఇక్కడిదాకా నడిచి నడిచి జబ్బు ముదరబెట్టుకుంది."

"ఎండకి రాదండి ఆ జబ్బు."

"నువ్వు డాక్టరువా?"

"కాదండి."

"చివరి ఏడాది నాతో మాట మానేసింది. తెలుసా నీకు? అన్నం పెట్టేది, కంచం తీసేది. నోరు విప్పేది కాదు. ముప్పై ఏళ్ల కాపురం. పుస్తకాలు తలకెక్కితే మొగుడు కంటికి ఆనడు."

లాజరు కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు.

"ఆదివారం నేనూ వస్తున్నాను," అన్నాడు వెంకటపతిరాజు. "నాలుగు పేజీలు రాశాను. అందరి ముందూ లేచి చదువుతాను. నీ బహుమానం ఎలా తీసుకుంటావో చూస్తాను."

"మీరు రాకపోతేనే బావుంటుందండి."

"భయమా?"

"నాక్కాదండి."

వెంకటపతిరాజు కార్డు తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. సభలో రుజువు కింద పనికొస్తుంది.

ఆదివారం తోడుగా పక్కూరి దొరబాబును తీసుకెళ్లాడు. చెరువుల్లో భాగస్తుడు. ఇద్దరూ మూడో వరసలో కూర్చున్నారు. వేదిక మీద లాజరు వీళ్లను చూసి తల దించుకున్నాడు.

"భయపడ్డాడండి," అన్నాడు దొరబాబు.

సంఘం అధ్యక్షురాలు హేమశ్రీ లేచింది. చేతిలో పొడుగు పుస్తకం ఉంది.

"లాజరుగారి గురించి నేను చెప్పడం కన్నా ఇందులోంచి ఒక్క పేజీ చదువుతాను. పదిమందిలో చదవమని ఆ పాఠకురాలే రాసిచ్చారు. కార్డు నంబరు నూట ఎనభై ఏడు."

వెంకటపతిరాజు చెయ్యి జేబు మీదకు వెళ్లింది.

"ప్రశ్న: ఆసుపత్రివాళ్లు ఇచ్చిన ఈ టైపు కాగితంలో ఏముంది? ఆవిడకు తెలుగు తప్ప రాదు. ఇంగ్లీషు అక్షరాలు లైబ్రరీలోనే నేర్చుకున్నారు. ఒక్కో మాటా డిక్షనరీలో పట్టుకున్నారు. పందొమ్మిది రోజులు. పేజీల నంబర్లన్నీ వేశారు. 'మొదట విన్నది' గడిలో 'గ్యాస్' అని రాశారు. 'దొరికింది' గడిలో..." హేమశ్రీ ఆగి నీళ్లు తాగింది. "'గర్భసంచిలో గడ్డ. ఆలస్యం చేయకుండా ఆపరేషన్ చేయాలి.' అప్పటికి ఆ కాగితానికి ఏడాది నిండింది."

హేమశ్రీ పుస్తకం మూసింది.

"ఏ కాంపౌండరు వెధవ చదివి చెప్పాడో," అన్నాడు దొరబాబు. "వాడి చేతులు విరిగిపోనూ."

లాజరుకు శాలువా కప్పారు. ఆయన మూడో వరస వైపు చూడలేదు. సభికుల్లో ఎవరైనా మాట్లాడతారా అని అడిగారు. దొరబాబు మోచేత్తో పొడిచాడు.

"లేవండి రాజుగారూ."

వెంకటపతిరాజు లేవలేదు.

తిరుగు బస్సు రావులపాలెంలో ఆగితే దొరబాబు పూతరేకులు కొన్నాడు. ఒకటి ఇవ్వబోతే వెంకటపతిరాజు వద్దన్నాడు. నాలుగు పేజీలూ కార్డూ ఒకే జేబులో ఉన్నాయి. బస్సు గోదావరి మీద సిద్ధాంతం వంతెన ఎక్కింది.

"అంత కష్టపడి రాసుకొచ్చారు. చదవలేదేంటండి?"

"ఊరుకో."

"ఆ నూట ఎనభై ఏడు మనిషి ఇప్పుడెలా ఉందో పాపం."

వెంకటపతిరాజు కిటికీలోంచి చూపు తిప్పలేదు.

"దొరబాబూ, లైబ్రరీ మాట నా దగ్గర ఇంకెప్పుడూ ఎత్తకు. నేనూ ఎత్తను. ఈ జన్మకి ఎత్తను."

"సరేనండి, ఎత్తను." దొరబాబు పూతరేకు విప్పుకున్నాడు. "అయినా కావాలని ఎవరు చేస్తారు లెండి. ఇంగ్లీషు కదా. ఎవరో తప్పు చదివుంటారు."

రొయ్య చచ్చి తేలుతున్న ఆ రోజు, చెరువు గట్టు మీద, రత్నమాణిక్యానికి గ్యాస్ అని చెప్పిన వెంకటపతిరాజు ఆ కాగితాన్ని తప్పు చదవలేదు.