ఘాటు రాని దిష్టి

చంటి మనవరాలికి దిష్టి తీసి కోటేశ్వరమ్మ ఎండుమిరపకాయలు నిప్పుల్లో వేసింది. ఒక్కరికీ దగ్గు రాలేదు, చంటిదానికి కూడా.

"ఘాటు రాలేదంటే దిష్టి గట్టిగానే తగిలిందత్తా," అంది కోడలు నాంచారి.

"దిష్టి కాదే, కంపెనీ తగిలింది."

ఈ అత్తాకోడళ్లలా మిర్చి గోదాములో పనిచేసేవాళ్ల కణాల్లో కంపెనీ బ్యాక్టీరియా కాపురముంటుంది. ఘాటుకు పని ఆగకుండా, లోపలినుంచే తన సూదిలాంటి గొట్టంతో ప్రొటీన్లు ఎక్కించి దగ్గు నొక్కేస్తుంది. ఇప్పుడది ఇంటికీ అంటింది.

పది రోజులు ముగ్గురూ దాన్ని చంపే మందు వాడారు. పదకొండోనాడు గోదాములో కోటేశ్వరమ్మ కళ్లనీళ్లు కారేలా దగ్గింది.

"బ్యాక్టీరియాను చంపేశావా? ఎవర్నడిగి?" సూపర్‌వైజర్ అరిచాడు.

"నా ఒంట్లో అద్దెకు దిగి నా గొంతే నొక్కితే ఖాళీ చేయించనా? నా మనవరాలికి మీరెవర్నడిగి అంటించారు?"

అంతలో కోటేశ్వరమ్మ వెనక నాంచారి దగ్గింది. ఆ వెనక ఇంకెవరో.